కాలరీస్, క్యాలరీస్: బొగ్గుబాయి ఇంగ్లిష్ విశేషాలు

మంచిర్యాల జిల్లా జైపూర్ మండలం పెగడపల్లి దగ్గర సింగరేణి వాళ్ళ థర్మల్ పవర్ ప్లాంటు ఉంది. 600 మెగావాట్ల యూనిట్లు రెండు. బొగ్గు కాలాక మిగిలేదాన్ని ప్లాంటులో ఎవరూ బూడిద అనరు, ఫ్లై యాష్ అంటారు. అది చేరే చెరువు యాష్ పాండ్. ఈ 'యాష్' అనే చిన్న మాటలో ఇంగ్లిష్ వాళ్ళ నోట వినపడని ధ్వనిని ఒకదాన్ని మనం కలిపాం. అది 'య'.

ఎలా కలిసిందంటే, ఆ మాట మొదట్లో ఉన్న అచ్చుకు మన వర్ణమాలలో అక్షరం లేదు. ముందు హల్లు ఉంటే దానికి యవత్తు తగిలించి గడిపేస్తాం: బ్యాంకు, గ్యాసు, ల్యాంపు రూము. మాటే ఆ అచ్చుతో మొదలైతే వత్తు తగిలించడానికి హల్లు ఏదీ? అందుకని ఏకంగా 'య'నే తెచ్చి కూర్చోబెట్టాం. యాసిడ్, యాపిల్, యాక్టర్, యాంకర్ అన్నీ అలా పుట్టినవే. రాసినవాడికి అది గుర్తు మాత్రమే. చదివినవాడు దాన్ని నిజమైన 'య'గా పలికాడు. 'గ్యాస్'ను శుభ్రంగా పలికే మనిషే 'యాష్' దగ్గర తడబడుతున్నాడంటే తప్పు నాలుకది కాదు, కంటిది. ఇంగ్లిష్ ఉచ్చారణలో మన చిక్కులు చాలావరకు ఈ తరహావే.

మ్యాక చెప్పే పాఠం

ఆ అచ్చు మనకు కొత్తదా అంటే అదీ కాదు. పుస్తకంలో 'మేక' అని ఉంటుంది, వాడలో 'మ్యాక' అని వినపడుతుంది. పేట 'ప్యాట' అవుతుంది, మేడ 'మ్యాడ' అవుతుంది. అందులో పలికేది 'య' కాదు, 'ఏ'కూ 'ఆ'కూ మధ్యన ఉండే అచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో దాన్ని తెలుగు అచ్చుల్లో ఒకటిగానే చూపించారు. కనుక యాష్ పలకడం నేర్చుకోవాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు. 'మ్యాక' అనండి, ముందున్న 'మ'ను మింగేయండి, మిగిలిన అచ్చును కాస్త కురచ చేసి 'ష్' తగిలించండి.

ఎమ్మెల్యేలో 'య' ఎవరు పెట్టారు?

ఇంగ్లిష్‌లో ఉన్నవి మూడు అక్షరాలు: ఎం, ఎల్, ఏ. తెలుగు నోటికి మాట మొదట్లో 'ఎ', 'ఏ' వస్తే ముందు చిన్న 'య'కారం పలకడం అలవాటు. ఎక్కడ అన్నది 'యెక్కడ' అవుతుంది. అదే అలవాటు ఎల్‌కూ ఏకూ మధ్య దూరి 'ల్యే' అయింది. పత్రికలు దాన్నే అచ్చు వేశాయి. బీయే పాసైన వాళ్ళదీ ఇదే కథ.

గుండ్రటి అచ్చుల ముందు 'య' బదులు 'వ' దూరుతుంది. ఓనరు 'వోనరు', ఓపెన్‌కాస్ట్ 'వోపెన్‌కాస్ట్' అవుతాయి. తమాషా ఏమిటంటే అవసరం లేనిచోట వచ్చే ఈ 'వ' అవసరమైనచోట మాయమవుతుంది. ఇంగ్లిష్ వోట్ మనకు ఓటు. కరెంటు తగ్గితే లో ఓల్టేజి. వెలుగునిచ్చే ప్లాంటు పక్కన నిలబడి కూడా వోల్టేజిలో 'వ'ను మనం నిలబెట్టలేకపోయాం.

అసలు ఇంగ్లిష్‌లో 'వ'లు రెండు. వీ అక్షరానికి పైపళ్ళు కిందిపెదవిని తాకాలి. డబ్ల్యూకు పళ్ళతో పని లేదు, పెదవులు ఈల వేయబోయినట్టు గుండ్రంగా ముడుచుకోవాలి. మన 'వ' ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. బజారులో 'వైన్స్' బోర్డును పళ్ళు ఆనించి చదివితే దాని అర్థం ద్రాక్ష తీగలు.

పేరులోనే పరీక్ష

సింగరేణి కాలరీస్ అని పత్రికల్లో చదువుతాం, నోటితోనూ అలాగే అంటాం. ఇంగ్లిష్‌లో గనికి ఉన్న ఆ మాటలో 'ల'కూ 'ర'కూ మధ్య ఒక 'య' పలుకుతుంది: కాలియరి, లేదా తొందరగా అంటే కాల్యరి. లేని యాష్‌లో 'య' పెట్టి, ఉన్న కాలియరీలో తీసేశామన్నమాట. దాన్ని తీసేస్తే కొత్తవాడి చెవికి అన్నం, నూనెల్లో లెక్కపెట్టే క్యాలరీకి దగ్గరగా వినపడుతుంది.

అలా వినపడినా మరీ అన్యాయం కాదేమో! 2012 జనవరి నుంచి మన దేశంలో బొగ్గు గ్రేడు కట్టేది కిలోకు ఎన్ని కిలోక్యాలరీల వేడి ఇస్తుందన్న లెక్క మీదే. మొత్తం 17 గ్రేడులు. 7000 కిలోక్యాలరీలు దాటితే అది జీ-1. కాలియరీలో తవ్విన సరుకు విలువ క్యాలరీల్లో తేలుతోంది.

హైదరాబాద్ దక్కన్ కంపెనీ 'సింగరేణి కాలియరీస్ కంపెనీ లిమిటెడ్'గా మారింది 1920 డిసెంబరు 23న. అదే ఏడు నెదర్లాండ్స్‌లో జెరార్డ్ నోల్స్ట్ ట్రెనిటే అనే ఆయన తన ఇంగ్లిష్ ఉచ్చారణ పాఠ్యపుస్తకంలో 'ద కేయాస్' అనే పద్యం అచ్చు వేశాడు. కేయాస్ అంటే గందరగోళం. ఒకేలా రాసి వేర్వేరుగా పలికే మాటలు, వేర్వేరుగా రాసి ఒకేలా పలికే మాటలు తర్వాతి కూర్పుల్లో సుమారు 800 దాకా చేరాయి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా దాన్ని తప్పు లేకుండా పైకి చదవడానికి తంటాలు పడతారు. రాసినాయన డచ్చి మనిషి. అంటే బయటివాడే.

రాతకూ పలుకుకూ ఇంత ఎడం ఎందుకొచ్చిందంటే, విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టాడు. అచ్చుతో రాత గట్టిపడుతూ వచ్చింది. అదే కాలంలో, దాదాపు 1400 నుంచి 1700 దాకా, ఇంగ్లిష్ దీర్ఘాచ్చులన్నీ ఒకదాని చోటుకు ఒకటి జరిగిపోతూ వచ్చాయి. 'నేమ్' అనే మాటను అంతకుముందు ఇంచుమించు 'నామ' అనేవాళ్ళు. 'నైట్' అనే యోధుడి పేరు ముందున్న కే అక్షరాన్ని కూడా పలికేవాళ్ళు. ఉన్న అక్షరాలన్నీ పలికేసే మన పిల్లవాడు కవి చాసర్ కాలంలో అయితే క్లాసు ఫస్టు వచ్చేవాడు.

ఒక ఎల్ చాలు

ఫిల్లర్, డ్రిల్లర్, కట్టర్, టన్నెల్. బాయి, అంటే గని, మాటల్లో ద్విత్వాలు చూడండి. ఇంగ్లిష్ రాతలో అక్షరం రెండుసార్లు ఉన్నా నోట్లో పలికేది ఒక్కసారే. ఫిలర్, డ్రిలర్, కటర్, టనల్ అనాలి. రెండో అక్షరం అక్కడ ఉన్నది ముందున్న అచ్చు పొట్టిదని చెప్పడానికి. సమ్మర్, హమ్మర్, హ్యాప్పీలకూ ఇదే వైద్యం.

గురువు ఎక్కడ, లఘువు ఎక్కడ

అన్నిటికంటే పెద్ద విషయం ఇదని నా అభిప్రాయం. కాస్త ఆగి చదవండి.

పద్యానికి గణవిభజన చేసినవాళ్ళకు గురులఘువులు తెలుసు. దీర్ఘమైతే గురువు, సంయుక్తాక్షరం ముందుంటే గురువు. చూపుతోనే తేలిపోతుంది. ఇంగ్లిష్ మాటకూ ఒక గురువు ఉంది, దాన్నే ఊనిక అంటాం, స్ట్రెస్ అంటారు. అది మాత్రం రాతలో కనపడదు. ఊనిక పడ్డ అక్షరం గట్టిగా, పొడుగ్గా, కొంచెం పైస్థాయిలో పలుకుతుంది. మిగతావి నలిగిపోతాయి. అలా నలిగిన అచ్చుకు ష్వా అని పేరు. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వినపడే అచ్చు అదే, దానికి వాళ్ళ వర్ణమాలలోనూ అక్షరం లేదు. మనం ప్రతి అక్షరానికీ సమానంగా న్యాయం చేస్తాం. ఆ న్యాయమే వినేవాడికి ఇబ్బంది.

గోదావరిఖనిలో ఒకరినొకరు పలకరించుకునే తీరు ఇది: "అన్నా, ఏ బాయిల చేస్తున్నవే?" "లెవెన్ ఇంక్లైన్ల తమ్మీ." ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అని ఒక కాలనీ పేరే ఉంది. ఏటవాలుగా లోపలికి దిగే గని దారి ఇంక్లైన్. ఆ అర్థంలో, అంటే నామవాచకంగా, ఊనిక మొదట 'ఇన్' మీద పడుతుంది. 'వాలు, మొగ్గు' అనే క్రియ అయితే చివరి 'క్లైన్' మీదికి పోతుంది. అక్షరాలు అవే, ఊనికే వ్యాకరణం. పర్మిట్, రికార్డ్, ట్రాన్స్‌పోర్ట్, ఇంక్రీజ్ కూడా ఈ జాతివే: పేరుగా ఉంటే మొదట, పనిగా ఉంటే చివర.

పట్టుకోవడానికి ఇంకో సూత్రం. మాట చివర 'షన్', 'ఇక్', 'ఇటీ' ఉంటే ఊనిక దానికి ముందున్న అక్షరం మీదే. ప్రొడక్షన్‌లో 'డక్' మీద, వెంటిలేషన్‌లో 'లే' మీద, మెకానిక్‌లో 'కా' మీద. ఎలక్ట్రిక్‌లో 'లెక్' మీద ఉన్నది ఎలక్ట్రిసిటీలోకి వచ్చేసరికి 'ట్రి' మీదికి జరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌లోనూ 'ట్రీ' మీదే. ఇంజనీర్‌లో మాత్రం చివరి 'నీర్' మీద. సూపర్‌వైజర్‌కు, మేనేజర్‌కు మొదటి అక్షరం మీద. ఈ సూత్రానికి లొంగని మాట పాలిటిక్స్: ఊనిక మొదట్లోనే పడుతుంది. రాజకీయానికి రూలు పట్టదు మరి.

1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. తర్వాత సీఫెల్ అయింది, ఇప్పుడు ఇఫ్లూ విశ్వవిద్యాలయం. భారతీయుల ఇంగ్లిష్ బయటివాళ్ళకు ఎంతవరకు అర్థమవుతోందన్న విషయం మీద అక్కడి ఆచార్యుడు ఆర్.కె. బన్సల్ రాసిన పుస్తకం 1969లో వచ్చింది. మాట అర్థం కాకుండా పోవడానికి ముఖ్య కారణాల్లో ఊనిక తప్పడాన్ని ఆయన లెక్కలోకి తెచ్చాడు. అదే సంస్థలో పనిచేసిన టి. బాలసుబ్రమణ్యన్ పాఠ్యపుస్తకం 1981 నుంచి మన దేశంలో ఎంఏ ఇంగ్లిష్ పిల్లల చేతుల్లో నలుగుతోంది. స్పోకెన్ ఇంగ్లిష్ అంటే ముందు అమెరికా యాస గుర్తొచ్చేవాళ్ళు గమనించాల్సింది, వీళ్ళు అడిగింది యాస మార్చుకోమని కాదు, అర్థమయ్యేలా మాట్లాడమని.

జపాన్‌లో కూడా బస్సే

తెలుగు మాట అచ్చుతో ముగియాలి. అందుకే బస్ మనకు బస్సు, రోడ్ రోడ్డు, బెల్ట్ బెల్టు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. జపాన్ వాళ్ళు బస్సును 'బసు' అంటారు, ఐస్‌క్రీమ్‌ను 'ఐసుకురీము' అంటారు. మన పల్లెల్లో ఇస్కూలు, ఇస్టేషను అన్నవాళ్ళను నవ్వుతాం గానీ స్పెయిన్‌లో ఆ రెంటికీ ఉన్న అసలు పేర్లు ఎస్కువేలా, ఎస్తాసియోన్. మొదట్లో 'స' పక్కన ఇంకో హల్లు ఉంటే ముందొక అచ్చు కావాలని వాళ్ళ నాలుకా పట్టుబట్టింది. తెలుగులో మాట్లాడేటప్పుడు బస్సు అనండి, అది తెలుగు మాటే. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం చివరి 'ఉ' వదిలేయండి. వాక్యంలో ప్రతి మాటకూ 'ఉ' తగిలితే ఊనికల లయ మొత్తం చెడుతుంది.

ఐర్లాండ్ చుట్టాలు

ఫిల్మ్‌ను మనం ఫిలిం అంటాం, ఐర్లాండ్‌లోనూ ఫిలమ్ అనేవాళ్ళు బోలెడు. ఎనిమిదో ఇంగ్లిష్ అక్షరాన్ని నిఘంటువులు ఏచ్ అంటాయి. హెచ్ అనేది మనమూ, ఐరిష్ వాళ్ళూ. థింక్‌లోని మొదటి ధ్వనిని గాలి జారనివ్వకుండా పళ్ళకు నాలుక ఆనించి 'త' లాగా పలికేవాళ్ళు అక్కడా చాలామంది ఉన్నారు. వాళ్ళ సాహిత్యానికి నోబెల్ బహుమతులు వచ్చాయి, ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ 'థ' సంగతే మరికొంచెం. విమానాల రేడియోలో మాట్లాడే భాషకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాలు ఉన్నాయి. ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే అక్షరమాల అమల్లోకి వచ్చింది 1956 మార్చిలో. అంకెలకూ ఉచ్చారణ రాసి పెట్టారు. వాళ్ళ ప్రకారం త్రీ అనకూడదు, 'ట్రీ' అనాలి. థౌజండ్ 'టౌజండ్'. ఫైవ్ 'ఫైఫ్', నైన్ 'నైనర్'. ప్రపంచంలో చాలామందికి చేతకాని ధ్వనిని ప్రాణాలు ఆధారపడే చోట తీసి పక్కన పెట్టేశారు. బడిలో 'ట్రీ' అంటే దెబ్బలు తిన్నవాళ్ళు పైలట్ అయితే అదే సరైన జవాబు.

థర్టీన్, థర్టీల తేడా మాత్రం పక్కన పెట్టలేం. షిఫ్టులో టన్నులు చెప్పేటప్పుడు ఒకటి ఇంకోటిగా వినపడితే లెక్క గల్లంతు. పదమూడైతే చివరి 'టీ'ని సాగదీసి 'న్' వినపడేలా మూయాలి. ముప్పై అయితే మొదటి అక్షరాన్ని ఒత్తి 'టీ'ని పొట్టిగా వదిలేయాలి.

ఒత్తులు వాడుకోండి

ఇంగ్లిష్‌లో ఊనిక పడ్డ అక్షరం మొదట్లో ప, ట, క ధ్వనులు వస్తే వాటి వెంట గాలి పేలుతుంది. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని 'పిన్' అంటే ఇంగ్లండ్ మనిషి ముందు కాగితం ఎగురుతుంది, మన ముందు ఎగరదు. మన గాలిలేని 'పిన్' ఆయన చెవికి 'బిన్'లా తగిలినా తగులుతుంది. దీనికి కావాల్సిన అక్షరాలు మన వర్ణమాలలో చిన్నప్పటి నుంచీ ఉన్నాయి: ఖ, ఠ. టాప్‌ను 'ఠాప్' అని, కోల్‌ను 'ఖోల్' అని చూడండి. విచిత్రమేమిటంటే తెలుగులో భయాన్ని 'బయం', ధాన్యాన్ని 'దాన్యం' అంటూ ఒత్తులన్నీ వదిలేసే మనం వాటిని ఇంగ్లిష్ కోసం తిరిగి తెచ్చుకోవాలి. ఫ సంగతి వేరు. ఒత్తు ప గా పుట్టిన ఆ అక్షరాన్ని ఇప్పుడు దాదాపు అందరం ఇంగ్లిష్ ఎఫ్ లాగే పలుకుతున్నాం. ఫలం అన్నప్పుడు గమనించండి.

జెడ్ ధ్వనికి తెలంగాణలో ఉర్దూ పుణ్యం ఉంది. జర, జిందగీ, నజర్ వినీ వినీ చెవి అలవాటు పడింది. అచ్చ తెలుగు జడలో, జల్లెడలో పలికే దంత్య 'జ' కూడా దానికి దగ్గరిదే. దానికి ౙ అని ప్రత్యేకంగా గుర్తు ఉండేది, 2008లో యూనికోడ్‌లోకీ ఎక్కింది. ఈ ధ్వని ఎక్కువగా కావాల్సింది బహువచనాల చివర. మైన్స్ అని మనం రాసినా చివర పలికేది జెడ్. గట్టిగా 'స్' అంటే వినేవాడు మైనస్ అనుకోవచ్చు.

భూతకాలపు 'ఎడ్' మూడు రకాలు. బ్లాస్ట్ చేశాం అన్నప్పుడు 'ఇడ్' వినపడుతుంది, ఎందుకంటే ముందు 'ట్' ఉంది. డ్రిల్ చేశాం అంటే ఉత్త 'డ్'. వర్క్ చేశాం అంటే 'ట్': వర్క్‌ట్. 'వర్కెడ్' అనే మాట ఇంగ్లిష్‌లో లేదు.

గ్యాసు పేరు మీథేనా, మెథేనా? రెండూ రైటే. మొదటిది బ్రిటన్, రెండోది అమెరికా.

'ర్' పలకడంలో మనం అమెరికా పక్షం. కార్, వర్కర్, డంపర్ చివర లండన్ వాళ్ళు 'ర్' మింగేస్తారు. అమెరికాలో చాలామంది, స్కాట్లండ్ వాళ్ళు, మనం మింగం. దీన్ని దిద్దుకోవాలని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.

ఫీజు లేని మాస్టారు ఫోన్‌లోనే ఉన్నాడు. కీబోర్డులో మైకు గుర్తు నొక్కి, భాష ఇంగ్లిష్ పెట్టి, వెట్, వైన్, థర్టీన్, టనల్, పిన్ అని ఒక్కొక్క మాటే చెప్పండి. తెర మీద ఏం పడిందో చూడండి. మొహమాటం లేని పరీక్ష అది. అయితే వాక్యంగా చెబితే చుట్టుపక్కల మాటల్ని బట్టి ఊహించి సరిగ్గా రాసేస్తుంది, మోసపోతాం. విడిమాటలే ఇవ్వాలి.

చివరగా సర్దారు. గనిలో కూలీల రక్షణ చూసే మైనింగ్ సర్దార్ పదవి మన బొగ్గు గనుల నిబంధనల్లోనే ఉంది. ఫార్సీ నుంచి ఉర్దూలోకి, అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి పోయిన మాట. ఇంగ్లిష్ వాళ్ళు రాసుకున్న స్పెల్లింగు చూసి కొందరు 'సిర్దార్' అని చదువుతారు. ఆ కాగితం మీది స్పెల్లింగును నమ్మక్కర్లేదు, బాయి మీద అందరూ అనే సర్దార్ అసలు పలుకుకు దగ్గర. హిమాలయ యాత్రల్లో షెర్పాల నాయకుడినీ ఇదే మాటతో పిలుస్తారు. 1953లో ఎవరెస్ట్ ఎక్కిన జట్టుకు సర్దార్ టెన్సింగ్ నార్గే.